టిక్కు మాస్టారి చెయ్యి

ఆ షెడ్డులో ఆయన్ని అందరూ టిక్కు మాస్టారు అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గానీ, దాన్ని నోటితో పలికిన వాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేసే పని ఒకటే. తయారైన ప్రతి పెట్టెనూ ఆఖరిసారి చూసి, బాగుంటే పచ్చ స్టిక్కరు, బాగోకపోతే ఎర్ర స్టిక్కరు అంటించడం.

ఏం పెట్టెలు అని అడిగితే మాత్రం చెప్పడం కొంచెం కష్టం. ఒకసారి భోజనాల దగ్గర బావమరిది పట్టుబట్టాడు.

"బావా, ఇన్నేళ్ళనుంచి అడుగుదామనుకుంటున్నా. ఇంతకీ మీరు చేసేదేంటి?"

మాస్టారు ఓపిగ్గా విడమరిచారు. కంప్యూటర్లో హార్డ్ డిస్క్ అని ఒకటుంటుంది, మనం దాచుకున్నదంతా ఉండేది అందులోనే. అది పాడైతే మిషను ఆపాలి, మరలు విప్పాలి, తీగలు పీకాలి. అదే తమ పెట్టెను కంప్యూటర్ పొట్టలో బిగించుకుంటే ఆ తంటా లేదు. పెట్టెకు నాలుగు అరలు, అరకో ట్రే, ట్రేకో డిస్కు. మిషను నడుస్తుండగానే చెడిపోయినదాన్ని బయటికి లాగి కొత్తదాన్ని లోపలికి తోసెయ్యొచ్చు. ఎక్కడి పని అక్కడ సాగుతూనే ఉంటుంది.

బావమరిది నోట్లో ముద్ద మింగి, "ఓస్, సొరుగులన్నమాట!" అన్నాడు.

మాస్టారికి కొంచెం చిన్నతనంగా అనిపించింది. కానీ తర్వాత ఆలోచించుకుంటే అంతకంటే సూటిగా తనూ చెప్పలేరనిపించింది.

అయితే ఆ సొరుగులో ఓ కిటుకుంది. అర వెనకాల పలకకు ఒక సాకెట్టు ఉంటుంది. అందులో పిన్నులన్నీ ఒకే పొడుగు కావు. కొన్ని రవ్వంత పొడుగు, కొన్ని పొట్టి. పొడుగువి ముందు తగలాలి, పొట్టివి తర్వాత. ముందు తలుపు తట్టి, రమ్మన్నాక లోపలికొచ్చే మర్యాదస్తుడిలా డిస్కు లోపలికి రావాలి. అలా వస్తేనే నడుస్తున్న మిషను ఉలిక్కిపడదు. ట్రే చివరంటా వెళ్ళి కూర్చున్నాక ముందువైపు లివర్ మూస్తే 'టిక్' మని చప్పుడొస్తుంది. పక్కనే చిన్న దీపం పచ్చగా వెలుగుతుంది. పరీక్ష చేసే కంప్యూటర్ తెర మీద డిస్కు పేరుతో ఒక గీత కనిపిస్తుంది. మిగతావాళ్ళు దీపాన్ని, తెరనూ చూస్తారు. మాస్టారు వాటికంటే ముందు చెవినీ బొటనవేలినీ నమ్ముతారు. ఆ టిక్కు వేలికి ఒక చిన్న దెబ్బలా తగలాలి. తగిలితేనే పచ్చ స్టిక్కరు.

అంతటి వేలు ఎనిమిది నెలల క్రితం మాట వినడం మానేసింది.

మొదట టీ కప్పు దగ్గర తెలిసింది. సాసరు మీద పెడుతుంటే కప్పు గలగలమంది. చలి అనుకున్నారు. చలి పోయింది, వణుకు పోలేదు. కుడిచెయ్యి ఊరికే ఒళ్ళో ఉన్నప్పుడే ఎక్కువ. బొటనవేలు చూపుడువేలి మీద కనపడని పిండిని నలుపుతున్నట్టు కదిలేది. దాంతో మాస్టారు కొత్త అలవాట్లు చేసుకున్నారు. టీ సగం కప్పే పోయించుకునేవారు. నలుగురిలో ఉంటే కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, ఏదో దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు కూర్చునేవారు. ఇంటికొచ్చి చొక్కా బటన్లతో మల్లయుద్ధం చేసేవారు.

భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్ళకు బట్టలు కుడుతుంది. బటన్ల సంగతి ఆవిడ కళ్ళనుంచి తప్పించుకోగలదా? ఒకరోజు మాస్టారు చొక్కా తొడుక్కోబోతే బటన్లు పైకి మాత్రమే బటన్లు. లోపల ప్రెస్ బటన్లు కుట్టి ఉన్నాయి, నొక్కితే చాలు. ఉన్న ఆరు చొక్కాలకూ అంతే. ఆవిడ ఏమీ అనలేదు. ఆయనా ఏమీ అడగలేదు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఇద్దరూ కలిసి దాచిన మొదటి రహస్యం అది. దాచింది కూడా ఒకరి దగ్గర ఒకరే.

ఆ పరిస్థితిలో పెద్ద ఆర్డరు వచ్చింది. ఒక పెద్దాసుపత్రి స్కానింగ్ విభాగానికి రెండువందల పెట్టెలు కావాలన్నారు. రోగుల స్కాన్లన్నీ వాటిలోని డిస్కుల్లోకే చేరతాయి. అక్కడ మిషన్లు ఆపడానికి వీల్లేదు గనక ఈ సొరుగు పెట్టెలే కావాలి. శుక్రవారం పొద్దున లారీ బయల్దేరాలి.

సోమవారం మొదటి నలభై పెట్టెలు మాస్టారి బల్ల మీదికొచ్చాయి. ఐదోదాని మూడో ట్రే దగ్గర ఆయన ఆగిపోయారు. దీపం పచ్చగానే వెలిగింది. తెర మీద గీత వచ్చింది. కానీ టిక్కుమనలేదు, టుక్కుమంది. వేలికి దెబ్బ తగల్లేదు. బయటికి లాగి మళ్ళీ తోశారు. ఈసారి టిక్కు. ఇంకోసారి తోస్తే టుక్కు. అనుమానంతోనే ఎర్ర స్టిక్కరు వేశారు. సాయంత్రానికి నలభైలో పదకొండు ఎర్రబడ్డాయి.

ఎర్ర పెట్టెలు పక్క బల్లకు వెళతాయి. అక్కడ ఉండే ఆవిడను రేడియో అంటారు. పొద్దున్న గేటు లోపల అడుగుపెట్టినప్పుడు మొదలైన మాట సాయంత్రం బస్సెక్కేదాకా ఆగదు గనక ఆ పేరు. చెయ్యి మాత్రం నోటికంటే వేగం. పదకొండు పెట్టెలూ చకచకా తోసి లాగి చూసి, "ఏమైంది మాస్టారూ వీటికి? లక్షణంగా ఉన్నాయి కదా!" అంది. కొలతలాయన వచ్చి గేజీ పెట్టి చూశాడు. పొడుగు, వెడల్పు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెట్టెలు తిరిగి మాస్టారి దగ్గరికే వచ్చాయి.

మంగళవారం తొమ్మిది ఎర్రబడ్డాయి. మళ్ళీ రేడియో తోసింది, మళ్ళీ బాగున్నాయంది. ఈసారి గట్టిగా అనలేదు. అది ఇంకా బాధించింది. రేడియో గొంతు తగ్గించిందంటే షెడ్డంతా చెవులు రిక్కిస్తుంది. బుధవారం టీ వేళ మాస్టారు చేతులు కడుక్కుంటుంటే గోడ అవతలినుంచి ఎవరిదో నవ్వు, దాని వెనకే మాట వినపడ్డాయి.

"ఆడలేక మద్దెల ఓడు అందట. ఆయన చెయ్యి చూశావా? కప్పు పట్టుకుంటే తాళం వేసినట్టుంటుంది."

మాస్టారు కుళాయి కట్టేయడం మరిచిపోయి అలాగే నిలబడ్డారు. ఎనిమిది నెలలుగా తను దాస్తున్నానని అనుకున్నది ఊరందరికీ తెలుసన్నమాట.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ పిలిపించింది. ఆవిడ పందొమ్మిదేళ్ళ వయసులో మాస్టారి బల్ల దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పుడు షెడ్డు మొత్తం ఆవిడ చేతికింద ఉంది. పదిమందిలో మాస్టారు ఆవిడను మేడం అంటారు, ఇద్దరే ఉంటే తల్లీ అంటారు. ఆవిడకు మాత్రం ఎప్పుడూ ఆయన మాస్టారే.

"కూర్చోండి మాస్టారూ. నీళ్ళు తాగుతారా?"

గ్లాసు ఆయన ముందు పెట్టింది. మాస్టారు ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడాన్ని ఆవిడ చూసింది.

"ఒంట్లో బాగుంటోందా?"

"బాగానే ఉంది తల్లీ. రాత్రిళ్ళు కాస్త నిద్ర సరిగా పట్టడం లేదు. అంతే."

"మీరు చెప్పనిదే నేను అడగను. కానీ మూడు రోజుల్లో ముప్ఫై పెట్టెలు ఎర్ర వేశారు. ఒక్కటీ తప్పు తేలలేదు. పైనుంచి నన్ను అడుగుతున్నారు." ఆవిడ కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చుంది. "రేపట్నుంచి నాలుగు రోజులు ఇంట్లో ఉండండి. నిద్రపోండి. సోమవారం మాట్లాడుకుందాం."

ఆవిడ గొంతులో కోపం ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. జాలి ఉంది. దాన్ని ఎలా మొయ్యాలో తెలియలేదు.

బల్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి ఇంకా ఇరవై నాలుగు పెట్టెలున్నాయి. మొదటిదే టుక్కుమంది. మాస్టారు ఎర్ర స్టిక్కర్ల చుట్ట వైపు చెయ్యి చాచారు. రేడియో తల తిప్పి చూసింది. చూసి, వెంటనే చూడనట్టు తల తిప్పేసుకుంది. ఆయన చెయ్యి పక్కకు జరిగి పచ్చ చుట్ట అందుకుంది.

ఆ సాయంత్రం ఇరవై నాలుగింటికీ పచ్చే వేశారు. వాటిలో పది టుక్కుమన్నవి. ఆ పదింటి నంబర్లూ ఎందుకో బస్సు టికెట్టు వెనక రాసుకున్నారు. రాస్తుంటే అంకెలు వంకర్లు తిరిగి పురుగుల్లా ఉన్నాయి.

గురువారం పొద్దున్న ఇంట్లో ఏం చెయ్యాలో తోచలేదు. పేపరు తిరగేశారు. రెండుసార్లు గడియారం చూశారు. భార్య మిషను దగ్గర ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతోంది. చివరికి ఆవిడే మిషను ఆపి, "సెలవెందుకిచ్చారు?" అంది.

"నిద్రపొమ్మని."

"నిద్రకు సెలవులివ్వడం ఎప్పట్నుంచి మొదలెట్టారండీ మీ ఆఫీసులో?"

మాస్టారు నవ్వబోయారు. కుదరలేదు. మొత్తం చెప్పేశారు. టుక్కు చప్పుడు, గోడ అవతలి మాట, గ్లాసెడు నీళ్ళు, పది పచ్చ స్టిక్కర్లు. చివర్లో కుడిచేతిని బల్ల మీద పెట్టారు. వదిలేశారు. అది దాని ఇష్టం వచ్చినట్టు వణికింది. భార్య దాన్ని పట్టుకోలేదు, ఆపడానికి ప్రయత్నించలేదు. చూస్తూ కూర్చుంది.

"నాకు జనవరి నుంచీ తెలుసు," అంది.

"మరి అడగలేదేం?"

"మీరు చెబుతారని. మీరేమో నేను అడుగుతానని చూస్తున్నారాయె. మొగుడూ పెళ్ళాం ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నట్టున్నాం." కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "చెయ్యి సంగతి డాక్టరు చూస్తాడు. నాకు అర్థం కానిది వేరే ఉంది. నా మిషను కుట్టు తప్పితే నేను ముందు సూది చూస్తాను. తర్వాత దారం చూస్తాను. తర్వాత బట్ట. అవన్నీ అయ్యాకే నా చేతిని అనుమానిస్తాను. మీరు ముందే మీమీద మీరు పడ్డారు. ఇరవై రెండేళ్ళు చేసినవాళ్ళు, ఆ పది పెట్టెలు బాగున్నాయని మీకు అనిపించిందా?"

"అనిపించలేదు."

"మరి పచ్చ ఎలా వేశారండీ?"

మాస్టారు చేతిని బల్ల మీంచి తీసేసుకున్నారు. ఆవిడ ఇంక గుచ్చి అడగలేదు. కత్తెర తీసుకుందామని మిషను బల్లకున్న చిన్న సొరుగు లాగింది. ఒక చేత కత్తెర, ఇంకో చేత బట్ట ఉండటంతో మోకాలితో సొరుగును తోసింది. అది కుడివైపు లోపలికి పోయి ఎడమవైపు బయటే ఆగి, అడ్డంగా బిగుసుకుపోయింది.

"ఈ సొరుగొకటి! తిన్నగా తోస్తే గానీ పోదు," అని విసుక్కుంది ఆవిడ.

మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చారు. సొరుగు ముందు గొంతుక్కూర్చుని దాన్ని చూశారు. బయటికి లాగి, కుడిమూల నొక్కుతూ మళ్ళీ తోశారు. మళ్ళీ బిగుసుకుంది. ఇంకోసారి తోశారు.

"ఏం చేస్తున్నారు?"

"ఇది చూడు. దీన్ని వంకరగా తోస్తే నేను రానని మొండికేస్తోంది. మనకు తెలుస్తోంది. మా పాత ట్రేలూ ఇంతే. చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే లివర్ మూసుకోదు. అప్పుడు లాగి మళ్ళీ తోస్తాం." ఆయన గొంతు వేగం పుంజుకుంది. "ఈ కొత్తవి వంకరగా పోయినా మూసుకుంటున్నాయి. పైగా దీపం కూడా వెలిగిస్తున్నాయి! ఒక పక్క పిన్నులు సరిగ్గా తగిలి, రెండో పక్క అంటీ అంటనట్టు ఉండిపోతున్నాయి. రేడియో చెయ్యి, కొలతలాయన చెయ్యి గీత గీసినట్టు తిన్నగా తోస్తాయి. వాళ్ళకెలా తెలుస్తుంది? నాది వణుకుతుంది గనక పక్కకు పోతోంది. అందుకే నాకే దొరుకుతోంది."

భార్య బట్ట పక్కన పెట్టింది. "అంటే ఆసుపత్రిలో తోసేవాళ్ళు..."

"అక్కడ తోసేవాళ్ళంతా తిన్నగానే తోస్తారా? హడావిడిలో ఉంటారు. ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో తోస్తారు. దీపం పచ్చగా ఉంది కదాని వెళ్ళిపోతారు. ఎవరో పక్కనుంచి స్ట్రెచరు తోసుకుంటూ పోతే ఆ కుదుపుకు డిస్కు మాయం. ఎవరి స్కానో సగంలో పోతుంది."

భార్య సొరుగును తిన్నగా లోపలికి తోసింది. తర్వాత ఆవిడే అంది, "రేపు లారీ ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"మరి ఏడున్నర బస్సుకు వెళ్ళండి. చొక్కా ఇస్త్రీ చేసి పెడతాను."

శుక్రవారం ఎనిమిదింబావుకు ఆయన షెడ్డు గేటు దగ్గరున్నారు. లారీ అప్పటికే వచ్చి వెనకతలుపు తీసి నిలబడింది. సూపర్‌వైజర్ చేతిలో కాగితాలతో ఎదురొచ్చింది.

"మాస్టారూ! మిమ్మల్ని సోమవారం కదా రమ్మన్నాను?"

"రెండు మాటలు చెప్పాలి మేడం. అందరి ముందూ చెప్పాలి. లారీని ఒక్క అరగంట ఆపండి."

ఆవిడ ఆయన ముఖం చూసి, డ్రైవరుకు చేత్తో సైగ చేసింది. లోపలికి నడిచారు. మాస్టారు తన బల్ల దగ్గర నిలబడగానే చుట్టుపక్కల పని ఆగిపోయింది. రేడియో కూడా ఆగింది.

మాస్టారు కుడిచేతిని ముందుకు చాచారు. అరచెయ్యి నేలవైపు, వేళ్ళు విప్పి. అది వణికింది. ట్యూబులైటు కింద అందరికీ కనిపించేలా వణికింది. ఆయన దాన్ని పట్టుకోవాలనుకున్న ఎడంచేతిని జేబులో పెట్టుకున్నారు.

"ఇది మొదటి మాట. ఎనిమిది నెలలైంది. దాచాను. నిద్ర పట్టడం లేదని మేడంతో అబద్ధం చెప్పాను." ఆయన బల్ల వైపు తిరిగారు. "రెండో మాట ఈ చేతివల్లే తెలిసింది. ఒక పెట్టె ఇవ్వండి."

పచ్చ స్టిక్కరున్న పెట్టె తెచ్చి పరీక్ష కంప్యూటర్‌కు తగిలించారు. మాస్టారు మూడో ట్రే తోశారు. టిక్కుమంది, తప్పేమీ లేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు. మాస్టారి చెవులు వేడెక్కాయి. లాగి మళ్ళీ తోశారు. ఈసారి కూడా అంతే. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆయన చెయ్యి వణకాలని కోరుకున్నారు, అది వినలేదు. మూడోసారి తోస్తే టుక్కుమంది. దీపం పచ్చగా వెలిగింది. తెర మీద నాలుగు గీతలూ ఉన్నాయి.

"బాగుంది కదా?" అని, బల్లను అరచేత్తో మెల్లగా తట్టారు.

తెర మీద మూడో గీత పోయింది. దీపం మాత్రం ఇంకా పచ్చగానే ఉంది.

కొలతలాయన ముందుకొచ్చాడు. తను తోసి, బల్ల తట్టి చూశాడు. గీత పోలేదు. "నేను తోస్తే బాగానే ఉంది కదండీ!"

"మీరు గేజీ పట్టుకున్నట్టు తోస్తున్నారు. రేడియో, నువ్వు తొయ్యమ్మా. ఎడంచేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకో, ఎవరితోనో మాట్లాడుతున్నాననుకో. కుడిమూల నొక్కు."

రేడియోకు ఫోనులో మాట్లాడుతున్నట్టు నటించడం పెద్ద కష్టం కాలేదు. "ఆఁ వదినా, చెప్పు," అంటూనే ట్రే తోసింది. టుక్కు. ఆవిడే బల్ల మీద ఒక్కటి చరిచింది. గీత పోయింది. రేడియో ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నోరు తెరిచి ఉండిపోయింది. ఆ షెడ్డు చరిత్రలో ఆవిడకు మాట రాని సందర్భం అదొక్కటే అని తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు.

కొలతలాయన లివర్ విప్పి, అది తిరిగే ఇరుసు రంధ్రంలో గేజీ పెట్టాడు. ఇన్నాళ్ళూ ట్రేనూ పెట్టెనూ కొలిచాడు గానీ, బయటినుంచి కొనే లివర్ల రంధ్రాన్ని ఎవరూ కొలవలేదు. పాతదానికంటే వదులుగా ఉంది, వెంట్రుకంత. లివర్లు పోసే వాళ్ళ అచ్చు అరిగిపోయినట్టుంది. ఆ వెంట్రుక సందులోంచే ట్రే వంకరగా దూరుతోంది.

"లారీని పంపించెయ్యండి," అంది సూపర్‌వైజర్. "ఖాళీగా."

జనం గుంపులుగా మాట్లాడుకుంటూ చెదిరిపోయారు. ఒకరిద్దరు మాస్టారి భుజం తట్టారు. కుళాయి గోడ అవతల నవ్విందెవరో ఆయన వెతకలేదు. సూపర్‌వైజర్ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, జేబులోంచి బస్సు టికెట్టు తీసి ఆవిడ ముందు పెట్టారు.

"ఇదేంటి మాస్టారూ?"

"ఇంకో మాటుంది తల్లీ. అందరి ముందూ చెప్పలేకపోయాను. ఈ పది పెట్టెలు బాగోలేవని బుధవారమే నాకు తెలుసు. అయినా పచ్చ వేశాను. మిగతా పెట్టెల్లోనూ ఈ లివర్లే ఉన్నాయి, అది వేరే సంగతి. ఈ పదీ తెలిసి చేసినవి."

ఆవిడ ఆ వంకర అంకెల్ని చాలాసేపు చూసింది. ముఖంలో ఇందాకటి సంతోషం పోయింది.

"చెయ్యి సంగతి దాచారంటే అర్థం చేసుకోగలను. నేనైనా దాస్తానేమో. కానీ ఇదేంటి? చప్పుడు తేడాగా ఉంటే కన్నతండ్రి చెప్పినా పచ్చ వెయ్యొద్దని నాకు నేర్పింది మీరు కాదా?"

"నేనే."

"అసలు నన్ను గట్టిగా ఎందుకడగలేదు? 'పెట్టెలోనే తప్పుంది, ఆపు' అని ఒక్క కేక వెయ్యాల్సింది."

"నవ్వుతారని భయమేసింది తల్లీ. నీ ముఖంలో జాలి చూశాక ఇంకా భయమేసింది."

ఆవిడ తల వంచుకుంది. "ఆ తప్పు నాది కూడా," అని మాత్రం అంది. టికెట్టును ఫైల్లో పెట్టలేదు, పారెయ్యలేదు. సొంత సంచీలో వేసుకుంది. మర్నాడు పిలిచి ఆయనకు హెచ్చరిక కాగితం ఇచ్చింది. మాస్టారు సంతకం పెట్టారు. ఆ కాగితం ఇచ్చినందుకు ఆవిడ మీద ఆయనకు గౌరవం పెరిగింది. అయితే ఆ సంగతి ఇంటికెళ్ళి భార్యతో చెబుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

డబ్బాలకు డబ్బాలు లివర్లు వెనక్కి వెళ్ళాయి. కొత్త అచ్చు పోసి, కొత్త లివర్లు వచ్చి, ట్రేలన్నీ మళ్ళీ బిగించేసరికి మూడు వారాలు పట్టింది. ఆసుపత్రివాళ్ళు ఫోనులో చిరాకుపడ్డారు. సూపర్‌వైజర్ కారణం దాచకుండా చెప్పింది. చెప్పాక చిరాకు కాస్త తగ్గింది.

ఈ మూడు వారాల్లో మాస్టారు నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. భార్య పక్కనే కూర్చుని, ఒక చీటీ మీద రాసుకొచ్చిన ప్రశ్నలన్నీ వరసగా అడిగింది. డాక్టరు మాస్టారిని నడిపించి, వేళ్ళు ఆడించమని చెప్పి, ఒక కాగితం మీద సుడిలాగా గీత గీయించి చూశాడు. జబ్బు పేరు చెప్పాడు. అది పోయేది కాదు. అయితే నెమ్మదిగా నడిచే రకం. మాత్రలు, వ్యాయామం ఉంటే చాలా ఏళ్ళు పనులు చేసుకోవచ్చు.

"బస్సెక్కొచ్చా?" అని అడిగింది భార్య. ఎక్కొచ్చన్నాడు.

"నామీద కేకలెయ్యొచ్చా?"

"అందుకు మందుల్లేవమ్మా," అన్నాడు డాక్టరు. ముగ్గురూ నవ్వారు. బయటికొచ్చి బస్సుకోసం నిలబడ్డప్పుడు ఆవిడ ఆయన కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుంది. బస్సు వచ్చేదాకా వదల్లేదు.

ఆఖరి పరీక్ష బల్లను రేడియోకు ఇచ్చారు. ఇస్తారని మాస్టారికి తెలుసు. అయినా తన ఇరవై రెండేళ్ళ కుర్చీ ఇంకొకరిదవుతుంటే చూడబుద్ధి కాలేదు. రేడియో మొదటిరోజు ఆ కుర్చీలో కూర్చోకుండా నిలబడే పనిచేసింది. రెండోరోజు మాస్టారే వెళ్ళి, "కూర్చోవమ్మా, నడుం పోతుంది," అన్నారు.

ఆయనకు షెడ్డు చివరి గదిలో కొత్త పని అప్పజెప్పారు. దాని పేరు కాగితాల్లో ఏదో పెద్దగా ఉంది గానీ, అందరూ వంకర పరీక్ష అంటారు. ప్రతి రకం పెట్టెలోంచీ కొన్ని తీసి, మనుషులు నిజంగా తోసినట్టు తోసి చూడాలి. చేతి తొడుగులతో, ఎడంచేత్తో, కళ్ళు వేరేవైపు ఉంచి, తొందరలో. వంకరగా పోతే లివర్ మూసుకోకూడదు. మూసుకుంటే ఆ సరుకు మొత్తం వెనక్కి. మాత్రలు మొదలెట్టాక ఆయన వణుకు కొంత తగ్గింది. "మీ చెయ్యి బాగుపడితే మా పరీక్ష పాడవుతుంది మాస్టారూ," అని కొలతలాయన వేళాకోళమాడితే ఆయన నవ్వేశారు.

పెట్టెలు ఆసుపత్రికి చేరిన కొన్నాళ్ళకు, అక్కడి స్కానింగ్ గదిలో పనిచేసే ఒకావిడను డిస్కులు మార్చడం నేర్చుకోవడానికి పంపారు. నలభై దాటి ఉంటాయి. మాస్టారి గదిలో, నడుస్తున్న పెట్టె ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

"భయంగా ఉందండీ. అటు స్కాను జరుగుతుంటుంది, లోపల మనిషి పడుకుని ఉంటారు. నేనిక్కడ బాగున్న డిస్కు లాగేస్తే?"

"లాగే ముందు మూడు పనులు చెయ్యండి. చెడిన డిస్కు దీపం ఎర్రగా మారుతుంది, అదేదో చూడండి. ఆ అర నంబరు పైకి చదవండి. వేలు పెట్టి మళ్ళీ చదవండి. అప్పుడు లాగండి. పక్కన ఎవరుంటే వాళ్ళను కూడా చదవమనండి. సిగ్గుపడొద్దు."

మాస్టారు చేసి చూపించారు. ట్రే పట్టుకున్నప్పుడు చెయ్యి కొంచెం వణికింది. ఆవిడ చూసి, "మీకూ భయమేనా?" అని ఆశగా అడిగింది.

"భయం కాదమ్మా, జబ్బు."

ఆవిడ నాలుక కరుచుకుంది. "అయ్యో, తెలీక అడిగానండీ."

"ఫర్వాలేదు. రండి, మీరు తొయ్యండి."

ఆవిడ రెండుసార్లు చీరకు అరచెయ్యి తుడుచుకుంది. "రెండు," అంది. వేలు పెట్టి మళ్ళీ "రెండు" అంది. పాత ట్రే లాగింది, కొత్తది తోసింది. చెయ్యి అదిరి ట్రే పక్కకు పోయింది. లివర్ సగంలో ఆగి మూసుకోలేదు.

"పోలేదండీ! ఏదైనా విరిచేశానా?"

"ఏమీ కాలేదు. సరిగ్గా రాలేదని చెబుతోంది, అంతే. బయటికి లాగి మళ్ళీ తొయ్యండి. తొందరేం లేదు."

ఆవిడ బయటికి లాగి మళ్ళీ తోసింది. దీపం వెలిగింది. తెర మీద రెండో గీత వచ్చింది. మాస్టారు బల్లను తట్టారు. గీత కదల్లేదు. ఆవిడ కాసేపు ఆ గీతనే చూసింది.

"ఇంకోసారి చెయ్యనా?" అంది.

"మీ ఇష్టం," అన్నారు మాస్టారు, ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "సాయంత్రం దాకా నాకు వేరే పనేం లేదు."